పుర్రచేతి జత

కాశీబుగ్గ రైలుగేటు అవతల మా జీడి షెడ్డు.
ముప్పయ్యారు కాలితొక్కుడు మిషన్లు,
ముప్పయ్యారూ కుడిచేతికి పుట్టినవే.

పద్దెనిమిదో మిషను మీద తవిటమ్మ. పుర్రచెయ్యి.
ఒక చెయ్యి గింజ పట్టాలి, ఒక చెయ్యి మీట లాగాలి.
చేతులు తారుమారైతే
కత్తులు గింజ వంపుని ఎదురు కొరుకుతాయి,
గుండు రావలసిన చోట బద్ద వస్తుంది.
బద్దకి కూలి తక్కువ.
పదకొండేళ్ళుగా సాయంత్రం తూకం దగ్గర
ఆమె పళ్ళెం అందరికన్నా వెనక నిలబడేది.

"ఫిట్టరు బాబూ,
నన్ను సెయ్యి మార్సుకోమంటారు గానీ
మిషన్ని మార్సలేరేటి?"
నవ్వుతూనే అంది.
ఆ రాత్రి నిద్ర పట్టలేదని చెప్పను. పట్టింది.
తెల్లారి మాత్రం ఒక పాత కత్తుల జత విప్పి
తువ్వాలులో చుట్టుకున్నాను.

పలాసలో లేతుషాపు వాడు
వంద జతలైతే చూద్దామన్నాడు.
నరసన్నపేటలో ట్రాక్టరు పిన్నుల మధ్య కూచున్నతను
కత్తుల్ని చూసి, నన్ను చూసి, టీ తాగించాడు. అంతే.
శ్రీకాకుళంలో కంప్యూటరు మిషను, గాజు తలుపు, చల్లటి గది.
"డ్రాయింగ్ ఏదండీ?"
బస్సు టికెట్టు వెనక గీసిచ్చాను.
"ఇది జీడిపప్పు బొమ్మండీ," అన్నాడు కుర్రాడు, మర్యాదగానే.

గవరయ్య పేరు చెప్పింది
విజయనగరం కాంప్లెక్సులో బజ్జీలేసే మనిషి.
ఆయన షాపుకి బోర్డు లేదు.
కంటోన్మెంటు వెనక సందులో
ఇనుము గీసుకునే చప్పుడు పట్టుకుని వెళ్ళాను.
జూటుమిల్లు మూసేసినప్పుడు
రావలసిన బకాయి కింద
తాను నడిపిన లేతునే తోలుకొచ్చుకున్నాడట,
ఆవుని తోలుకొచ్చినట్టు.

నా మొహం చూడలేదు.
కత్తి అంచు మీద బొటనవేలి గోరు నడిపాడు.
"ఇది సేసినోడు గింజని ఎప్పుడూ పట్టుకోనేదు.
గింజలేవి?"
తేలేదన్నాను.
"ఆ మనిషో?"
తేలేదు.
"కాలు తేకుండా జోడు కుట్టమంటే ఎలగ బాబూ?"

మరుసటి మంగళవారం
రెండు కిలోల ఉడకేసిన గింజలు, విప్పిన మిషను, తవిటమ్మ.
ఆయన వెర్నియరు ముట్టుకోలేదు.
అరగంట ఆమె చెయ్యి చూశాడు,
జీడినూనె తిని నల్లబడ్డ ఆ వేళ్ళు
గింజని ఎటు తిప్పుతున్నాయో, ఎక్కడ ఆగుతున్నాయో.
తర్వాత బట్టల సబ్బు బిళ్ళ తెప్పించి
ఆమె పట్టిన వాటంలోనే గింజని దాంట్లోకి నొక్కించాడు.
ఆ గుంటే మా డ్రాయింగు.

మొదటి జత. బద్ద.
మళ్ళీ ఆకురాయి, మళ్ళీ బిగింపు. బద్ద.
తవిటమ్మ మొహం నా వైపు తిప్పలేదు.
ముసలాయనకి మాత్రం హుషారొచ్చింది.
విరిగిన ముక్కల్ని బల్బు కింద పట్టి
"అబద్ధం ఎక్కడుందో బద్దే సెప్తాది" అన్నాడు.
రెండు పాయింట్లు.
వెంట్రుకని మూడుగా చీలిస్తే అందులో ఒకటి.
అంతసేపూ పక్కింట్లో కుక్కరు కూతలు,
ఎవరో పిల్లాడు ఎక్కాలు తప్పు చదవడం.

మూడోసారి టక్కుమంది.
చెక్కు రెండయింది. పప్పు ఒకటే.
గవరయ్య దాన్ని నోట్లో వేసుకోలేదు,
మైక్రోమీటరు పెట్టెలో పక్కన పడుకోబెట్టాడు.
"నాలుగొందల ఏభై. సబ్బుతో కలిపి."
ఒక్క జతకి అంతా, అని ఓనరు అన్నాడు.
సగం నేనే ఇచ్చాను. ఆ సంగతి తవిటమ్మకి తెలీదు.

సోమవారం. భోజనాల వేళ షెడ్డు ఖాళీ.
నూనె డబ్బా కోసం లోపలికొచ్చాను.
పద్దెనిమిదో మిషను ముందు దమయంతి,
ఇరవై తొమ్మిదో మిషను పిల్ల,
ఏ గొడవా లేని కుడిచేతి పిల్ల.
అటూ ఇటూ చూసింది.
గింజని ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంది.
తొక్కింది.

నేను తల తిప్పుకుని
నూనె అక్కర్లేని ఒక పెడలుకి నూనె పోస్తూ నిలబడ్డాను.
ఆ సబ్బుబిళ్ళ
ఇంకా గవరయ్య దగ్గరే ఉంది.